రంగు వదలని అన్నదమ్ములు

దొడ్డిపాలెంలో నూలుకి రంగులద్దే అన్నదమ్ములు ముగ్గురుండేవారు. పెద్దవాడు చిదంబరం, నడిపివాడు భద్రాచలం, చిన్నవాడు సింహాచలం. తమకున్న తెలివి ఊరు మొత్తానికి పంచినా ఇంకా మిగులుతుందని ముగ్గురికీ గట్టి నమ్మకం. పంచబోతే ఎవరూ పుచ్చుకోలేదు, అది వేరే సంగతి. "మా ఇంటి రంగు ప్రాణం పోయినా పోదు" అని వీధి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. ఒక్క వానకి ఆ అక్షరాలు గోడ దిగి కాలువలో కలిసిపోయాయి.

"రంగు మంచిదే, గోడకి పట్టే గుణం లేదు" అన్నాడు చిదంబరం. తమ్ముళ్ళు అవునన్నారు.

అంత తెలివైన చిదంబరానికి కాళ్ళు వాచాయి. టౌను ఆసుపత్రి డాక్టరమ్మ చూసి, సంగతేమిటో తేలేదాకా ఉప్పు ముట్టొద్దంది. గోంగూర పచ్చడి ఊసే ఎత్తొద్దంది. రెండు నెలలు గడిచాయి. చిదంబరం కలలోకి దేవుళ్ళు రావడం మానేసి గోంగూర కట్టలు రావడం మొదలైంది.

ఆఖరికి డాక్టరమ్మ ఒక పరీక్ష పెడతానంది. పరీక్షంటే పలకా బలపం పట్టుకుని రాసేది కాదు. కిడ్నీలు మన ఒంట్లో వడపోత గుడ్డల్లాంటివి. నెత్తుట్లో అక్కర్లేనిదాన్ని వడకట్టి మూత్రంలోకి తోసేస్తాయి. అవి సరిగ్గా తోస్తున్నాయా లేదా అని చూడ్డానికి చేతి నరంలోకి కాస్త ఎర్ర రంగు ఎక్కిస్తారు. తర్వాత పావుగంటకి, అరగంటకి, గంటకి, రెండు గంటలకి మూత్రం వేరువేరు సీసాల్లో పట్టి చూస్తారు. కిడ్నీలు చురుగ్గా ఉంటే మొదటి సీసాలోనే రంగు బాగా దిగుతుంది, పోను పోను పలచబడుతుంది. అంతే పరీక్ష. ఆరో తరగతి పిల్లవాడికైనా అర్థమవుతుంది. ఆ రోజు అక్కడ ఆరో తరగతి పిల్లవాడు లేకపోవడమే వచ్చిన చిక్కు.

"రంగు సరిగ్గా వస్తే ఇంటికెళ్ళి గోంగూర తినండి. రాకపోతే నెల రోజులు ఇక్కడే మంచం, చప్పిడి గంజి" అంది డాక్టరమ్మ. సూది వేసి, "ఈ నీళ్ళు తాగండి. కుర్చీలోంచి లేవకండి" అని చెప్పి వెళ్ళింది.

పావుగంటైంది. నర్సమ్మ సీసా ఇచ్చి మరుగుదొడ్డికి వెళ్ళమంది.

"కుర్చీలోంచి లేవొద్దన్నారమ్మా" అన్నాడు చిదంబరం.

"అయితే ఎలా వెళ్తావయ్యా?"

"అది మా తమ్ముళ్ళు చూసుకుంటారు."

ఇంకేముంది, తమ్ముళ్ళిద్దరూ కుర్చీతో సహా అన్నని ఎత్తారు. మరుగుదొడ్డి గుమ్మంలో కుర్చీ ఇరుక్కుంది. ముందుకి పోదు, వెనక్కి రాదు. వెనక జనం తిడుతున్నారు. చివరికి ఆ గుమ్మంలోనే, తమ్ముళ్ళు తువ్వాలు అడ్డం పట్టగా, మొదటి సీసా నిండింది.

సీసా వెలుతురుకి ఎత్తి చూసి భద్రాచలం మొహం మాడ్చుకున్నాడు. "పెద్దన్నా, నువ్వు రంగు వదిలేస్తున్నావు."

చిదంబరం ఇరకాటంలో పడ్డాడు. గోంగూర తినాలంటే రంగు రావాలి. ఇంటి పరువు నిలవాలంటే రంగు పోకూడదు. "కావాలని వదల్లేదురా" అన్నాడు బిక్కమొహం వేసి.

"రంగు నిలవాలంటే పటిక పట్టాలి, చిన్నపిల్లలకైనా తెలుసు" అన్నాడు సింహాచలం. అంతే, ఎదురుగా ఉన్న మంగలి కొట్టుకి పరిగెత్తి పటిక ముక్క తెచ్చి అన్న బుగ్గన పెట్టాడు.

అరగంట సీసాలో రంగు తగ్గింది. గంట సీసాలో ఇంకా తగ్గింది. రెండు గంటల సీసా దాదాపు మంచినీళ్ళలా ఉంది.

"చూశావా పటిక మహిమ" అన్నాడు సింహాచలం. ఆ పక్క కుర్చీల్లో వాళ్ళకి కూడా తలో ముక్క ఇవ్వబోయాడు.

నాలుగు సీసాలూ వరసగా పెట్టి చూసేసరికి భద్రాచలానికి సిగ్గేసింది. "ఒకే మనిషి, ఒకే వాయి, నాలుగు రకాల రంగులా? ఇలాంటి సరుకు మనం ఏనాడైనా గడప దాటించామా?"

ఇంకేముంది, నాలుగూ ఒక బకెట్లో పోసి, పుల్లతో బాగా తిప్పి, మళ్ళీ నాలుగు సీసాల్లోకి సమంగా వంచారు. చిదంబరం సీసాలు చూసి మురిసిపోయాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

డాక్టరమ్మ లెక్క చూసి నిట్టూర్చింది. "మొదటి పావుగంటకీ ఇంతే, ఆఖరికీ ఇంతే. కిడ్నీలు బాగా బద్ధకించాయి. మంచం వేయించండి."

"అంత కష్టపడి కలిపితే బద్ధకం అంటారేంటమ్మా?" అన్నాడు చిదంబరం, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

"ఏం కలిపారు?"

చెప్పారు. ఒకరి మాట ఒకరు అందుకుంటూ, బకెట్ దగ్గర్నుంచి పటిక దాకా గర్వంగా చెప్పారు. డాక్టరమ్మ ఆ నాలుగు సీసాలూ పారబోయించింది. నాలుగు రోజుల తర్వాత తమ్ముళ్ళని గేటు బయట నిలబెట్టి, మళ్ళీ పరీక్ష చేసింది.

ఈసారి నవ్వింది. "సగం రంగు మొదటి పావుగంటలోనే వచ్చేసింది. రెండు గంటలకి దాదాపు అంతా పోయింది. మీ కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి. రోజంతా నిలబడి పనిచేయడం వల్ల కాళ్ళు వాచాయి, అంతే. వెళ్ళి గోంగూర తినండి."

గేటు దగ్గర తమ్ముళ్ళు అడిగారు, "ఏమందన్నా?"

"గోంగూర తినమంది. నా రంగంతా పోయిందంది" అన్నాడు చిదంబరం, రెండో ముక్క గొంతు తగ్గించి.

ఇంటి ముందు భద్రాచలం ఆగిపోయాడు. "వెలిసిన సరుకుని లోపలికి ఎలా తీసుకెళ్తాం? మళ్ళీ ముంచాల్సిందే."

చిదంబరానికీ న్యాయంగానే తోచింది. చొక్కా విప్పి తనే నీలిరంగు తొట్టిలో దిగాడు. డాక్టరమ్మ తినమందన్న కబురు ముందే చేరి, గోంగూర నూరుతున్న అతని భార్య నాంచారమ్మ రోకలితోనే బయటికొచ్చింది. చేస్తున్న పని చూసి మరిది భద్రాచలాన్ని మందలించింది.

"ఒక్క మునక చాలదయ్యా. మూడు వేయించు. లేకపోతే గోంగూర పులుపుకి రంగు విరిగిపోతుంది."

మూడు మునకలూ వేశారు. ఎండలో ఆరేస్తే వెలుస్తాడని, చంకల కింద గుడ్డ వేసి, నీడలో నూలు ఆరేసే వెదురుకి వేలాడదీశారు. మెడదాకా నీలంగా, గాలికి మెల్లగా ఊగుతూ, చిదంబరం నోరు తెరిచాడు. నాంచారమ్మ ముక్కాలిపీట ఎక్కి గోంగూర ముద్ద నోట్లో పెట్టింది.

చిదంబరం నమిలాడు. రెండు నెలల ఆశ. మళ్ళీ నమిలాడు.

"ఉప్పు వెయ్యలేదే" అన్నాడు.

"గోంగూర తినమందన్నారు కదా. ఉప్పు వెయ్యమని కూడా అందా?"

చిదంబరం ఊగుతూనే బాగా ఆలోచించాడు. ఎంత గుర్తు తెచ్చుకున్నా డాక్టరమ్మ ఆ మాట అన్నట్టు లేదు.

"అనలేదు" అని ఒప్పుకుని, రెండో ముద్దకి నోరు తెరిచాడు.