పులిని మార్చిన దాలినాయుడు

తమ ఇంట్లో ఉన్నంత తెలివి చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేదని దాలినాయుడికి గట్టి నమ్మకం. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేసేవాడు. భార్య చిన్నమ్మడూ అంతే, తమ్ముడు గుంపస్వామీ అంతే.

ఆ ఏడు నాటకాల పోటీలో కప్పు కొట్టి తీరాలని ముగ్గురూ ఒక నాటకం తయారుచేశారు. దాలినాయుడు రాజు, చిన్నమ్మడు రాణి, రాజు చేతిలో చచ్చే పులి గుంపస్వామి. తీరా చూస్తే పులి వేషాన్ని ఎలుకలు కొరికేశాయి. ఊళ్ళో దొరికింది సింహం వేషమే. సరే, నాటకంలో పులిని సింహంగా మారిస్తే పోలా అని ముగ్గురూ మేనత్త కాసులమ్మ టైపు షాపుకి వెళ్ళారు. నాటకం ఆమె కంప్యూటర్లోనే ఉంది.

కాసులమ్మ వెనక గదిలో అన్నం తింటూ అక్కణ్ణించే చెప్పింది.

"పైన రాయి, పులి అని. కింద రాయి, సింహం అని."

అంతే. దాలినాయుడు వీధిలోకి పరిగెత్తి రెండు రాళ్ళు తెచ్చాడు. ఒకదాని మీద సుద్దతో పులి అని గీకి కంప్యూటర్ నెత్తిన పెట్టాడు. సింహం రాయిని కింద దూర్చాడు. కంప్యూటర్ పక్కకి ఒరిగింది గాని పులి మాత్రం మారలేదు.

అత్త ఎంగిలి చేత్తోనే వచ్చి, రాళ్ళు తీయించి, కంప్యూటర్ తెర మీద పైనా కిందా ఉన్న గడులు చూపించి, రెండు మాటలూ కొట్టించింది. ఒక్కొక్కటీ చూసి నొక్కమని చెప్పి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళింది. దాలినాయుడు కీబోర్డు మీది మీటలన్నీ ఒక్కొక్కటీ చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయనిపించాక 'అన్నీ మార్చు' నొక్కాడు. ఇంకేముంది, ఏ మాటలో పులి నక్కి ఉన్నా సింహమైపోయింది.

సేవ్ చేశావా, లేకపోతే అంతా పోతుందని అత్త లోపల్నించి కేకేసింది. చిన్నమ్మడు కొంగుతో కంప్యూటర్ మొహం తుడిచింది. గుంపస్వామి విసనకర్రతో విసిరాడు. దాలినాయుడు బల్ల కాళ్ళు పట్టాడు. ఇంతకన్నా సేవ ఎవరు చేస్తారని ముగ్గురూ మురిసిపోయారు. అత్త వచ్చి, తల కొట్టుకుని, తనే సేవ్ చేసి, చదవకుండానే కాగితాలు తీసిచ్చింది. వాళ్ళు ఉన్నదున్నట్టు బట్టీపట్టారు. సింహం అన్న మాట వినగానే దూకమని గుంపస్వామికి చెప్పారు.

పోటీలో తెర లేచింది.

"ప్రభూ, మీకోసం సింహంహోర తెచ్చాను" అంది రాణి.

గుంపస్వామి దూకాడు. సింహం దూకితే పొడవాలని కాగితంలో ఉంది కాబట్టి రాజు పొడిచాడు. సింహం చచ్చింది.

నీ చూపులిలా గుచ్చుకుంటే వేటకెలా వెళ్ళనని రాజు అడగాలి. "రాణీ, నీ చూసింహంలా గుచ్చుకుంటే వేటకెలా వెళ్ళను?" అన్నాడు. చచ్చిన సింహం లేచి, లోపలికి పోయి, మళ్ళీ దూకి, మళ్ళీ చచ్చింది. పెరుగు సింహంసిందని రాణి అనేసరికి ఇంకోసారి చచ్చింది.

"అన్నా, ఇంకెన్నిసార్లు చావాలి?" అన్నాడు గుంపస్వామి ఆయాసపడుతూ.

జనం పొట్టలు పట్టుకుని దొర్లుతున్నారు. బహుమతి ఇవ్వాల్సిన మాస్టారు తట్టుకోలేక తెర దించమన్నాడు. అంతే, అన్నదమ్ములిద్దరూ గుంజలెక్కి, ముళ్ళు విప్పి, తెర దించి, మడతపెట్టి ఆయన ఒళ్ళో పెట్టారు. ఇంకేమైనా దించాలా అని దాలినాయుడు వినయంగా అడిగాడు.

"నన్ను ఇంటి దగ్గర దించండి నాయనా, చాలు" అన్నాడాయన నీరసంగా.

కప్పు తమకే అనుకున్నారు ముగ్గురూ. మాస్టారిని ఆటోలో కూర్చోబెట్టి, గతుకుల్లో ఆయన ఎగిరిపడకుండా అన్నదమ్ములు చెరో రెక్కా పట్టుకుని, జాగ్రత్తగా తమ ఇంటి దగ్గర దించారు. ఇది నా ఇల్లు కాదయ్యా అన్నాడు మాస్టారు.

"ఎవరిల్లో మీరు చెప్పలేదు కదండీ" అన్నాడు దాలినాయుడు. "అందుకని మాకు దారి తెలిసిన ఇంటికే తెచ్చాం."