మొదటి వాయి

ఐర్లండు దేశంలో, గాల్వే అనే రేవు పట్టణంలో, తాను ముట్టని తిండిని ఊరందరికీ అమ్మే ఫింటన్ అనే వ్యాపారి ఉండేవాడు. పుట్టుకతో అలాంటివాడేమీ కాడు. లాభాల రుచి మరిగాక అలా తయారయ్యాడు.

మొదట్లో వాడూ, వాడి అక్క నూలా కలిసి రేవు పక్కన చిన్న కొట్టు పెట్టారు. దానికి అక్క పేరే పెట్టారు. బంగాళాదుంపలు వేలెడేసి ముక్కలుగా కోసి, చేపలతో పాటు నూనెలో వేయించి, వేడివేడిగా పొట్లం కట్టి ఇచ్చేవారు. నూలా ఒక పద్ధతి పెట్టింది. రోజూ కొట్టు తెరవగానే మొదటి వాయి వాళ్లిద్దరే తినాలి. అదీ కొనేవాళ్లందరూ చూస్తుండగా తినాలి. "మన నోటికి బాగుంటేనే ఊళ్లోవాళ్లకు పెడదాం" అనేది. శుక్రవారం మాంసం మానేసి చేప తినడం అక్కడివాళ్ల ఆచారం. ఆ రోజు కొట్టు ముందు వరుస వీధి మలుపు దాకా సాగేది.

ఏళ్లు గడిచేసరికి దేశమంతా నూలా కొట్లు వెలిశాయి. ఫింటన్ కారు పెద్దదైంది, పొట్ట పెరిగింది, బుద్ధి మాత్రం తరిగింది. నూనె మార్చడం దండగ అన్నాడు. అది నల్లబడి, నురగలు కక్కి, గొంతు పట్టేసే వాసన వస్తున్నా దాన్నే కాచించాడు. మొదటి వాయి తినే పద్ధతి ఎత్తేశాడు. తనకు మాత్రం ఇంటి నుంచి క్యారేజీ తెప్పించుకునేవాడు. ఎంత సిగ్గులేనితనమో చూడండి!

నూలా ఊరుకోలేదు. "ఒరేయ్, ఆ నూనె పారబోయిస్తావా లేదా?" అని నిలదీసింది.

"వ్యాపారం నీకు తెలీదక్కా. ఉప్పు దట్టంగా చల్లితే ఎవరికీ తెలీదు" అన్నాడు ఫింటన్.

"అయితే బోర్డుల మీంచి నా పేరు తీసెయ్."

"భలేదానివే! ఆ పేరు చూసేగా జనం వస్తున్నారు!" అని నవ్వాడు.

కొట్ల పెత్తనమంతా తమ్ముడి చేతిలోనే ఉంది. నూలాకు ఆ పేరు తప్ప వేరే ఆస్తి లేదు. దాన్ని కూడా ఆ మురికి నూనెలోనే వేయించాడు దుర్మార్గుడు.

తర్వాత ఫింటన్ రేవు పక్కనున్న పాత కొట్టు పడగొట్టి పెద్ద భవనం కట్టించాడు. ఒక శుక్రవారం ప్రారంభం పెట్టుకున్నాడు. బాజాలు మోగాయి, ఊరంతా వచ్చింది. ఆ కొత్త భవనానికి కూడా వేరే కొట్లలో మరిగిన నూనెనే డబ్బాల్లో తెప్పించాడు! లోభానికి హద్దుంటుందా?

మొదటి పొట్లం ఫింటన్ చేతికి రాగానే నూలా ముందుకొచ్చింది. "తిను తమ్ముడూ. మొదటి వాయి మనం తిన్నాకే కదా ఊరికి పెట్టేది" అంది. జనం చప్పట్లు కొట్టారు.

"డాక్టరు నన్ను వేపుళ్లు తినొద్దన్నాడక్కా" అని ఫింటన్ నసిగాడు.

పక్కనే నిలబడ్డ వాడి చిన్నారి మనవరాలు ఓర్లా, "అయితే నేను తింటా తాతయ్యా!" అంటూ పొట్లంలోంచి ఒక ముక్క తీసి నోటి దగ్గర పెట్టుకుంది.

ఫింటన్ ఉలిక్కిపడి ఆ పిల్ల చేతిమీద ఒక్కటిచ్చాడు. "పారెయ్! అది తినకు, జబ్బు చేస్తుంది!" అని అరిచాడు.

బాజాలు ఆగిపోయాయి. ఓర్లా ఏడుపు ఒక్కటే వినిపించింది.

"నీ మనవరాలికి జబ్బు చేస్తుందా?" అంది నూలా. "మరి ఇన్నాళ్లూ వీళ్ల పిల్లలకు ఏం పెట్టావురా?"

పంచడానికి బల్లమీద పెట్టిన పొట్లాలను తల్లులు ఫింటన్ కాళ్ల దగ్గర విసిరికొట్టి పిల్లల్ని లాక్కుపోయారు. ఒక జాలరి పడవలోంచి నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాడు. నూలా ఎక్కి, తన పేరున్న బోర్డు తన చేతులతోనే ఊడబెరికింది. ఆమెను ఆపడానికి ఎవరూ రాలేదు.

ఆ మాట ఊరూరా పాకింది. కొట్లన్నీ ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. ఫింటన్ ఆ కొత్త భవనంలో ఒక్కడే కూర్చుని, ఇంటి నుంచి వచ్చిన క్యారేజీ విప్పుకుని తినేవాడు.

మన బిడ్డకు పెట్టలేని తిండిని పరాయి బిడ్డకు అమ్మేవాడు ఎంత పెద్ద వ్యాపారి అయినా దొంగే.