అత్తరు బిళ్ల మీద పన్ను

గంధవరం రాజ్యాన్ని ఏలిన గజకేతు మహారాజంత గొప్ప దాత ముల్లోకాల్లోనూ లేరు. ఈ మాట అన్నదెవరంటారా, మహారాజుగారే. భోజనానికి ముందోసారి అనేవారు, ఎవరూ వినలేదేమోనని తర్వాత ఇంకోసారి అనేవారు.

పని బాగా చేసిన కొలువువాళ్ళకు ఆయన లక్కబిళ్ల ఒకటి బహూకరించేవారు. దాని మీద రాజముద్ర, కింద వెల ఉండేవి. అంగట్లో ఆ బిళ్ల చూపిస్తే వెలకు సరిపడా సరుకిస్తారు. అయితే అది చెల్లేది అత్తరు అంగట్లో మాత్రమే. తనకు అత్తరంటే ప్రాణం కనుక లోకమంతటికీ అంతేనని రాజుగారి నమ్మకం.

ఆ ఏడు దసరా ఊరేగింపులో బాణసంచా మోతకు పట్టపుటేనుగు గున్నమ్మ బెదిరింది. అంబారీలో కిరీటం ఒకవైపుకీ, మహారాజు ఇంకోవైపుకీ ఒరిగిపోయారు. మావటి ఓబులేసు దాని చెవిలో ఏదో గొణిగి, చిటికెలో నిలబెట్టేశాడు. మర్నాడే అతనికి నూరు వరహాల బిళ్ల అందింది. రాజు ఇచ్చింది వద్దనడం ఆ రాజ్యంలో నేరం. ఓబులేసు రెండు చేతులా అందుకున్నాడు.

వెనకే కోశాధికారి సూరపరాజు వచ్చాడు. సేవకు దొరికినదంతా ఆదాయమేననీ, జీతమైనా బిళ్లయినా ఒకటేననీ, బిళ్ల మీదున్న వెలలో పదోవంతు పన్ను కట్టాలనీ, అదీ నాణేల్లోనేననీ నెమ్మదిగా వివరించాడు. ఉగాది దాటితే బకాయిదారుడికి కొలువులో చోటుండదు.

ఓబులేసు నెలజీతం రెండు వరహాలు. పన్నుకు పది వరహాలు ఎక్కణ్ణుంచి తెస్తాడు? అత్తరు అంగడివాడు నాణేలివ్వడు, సూరపరాజు అత్తరు ముట్టడు. పోనీ తనే పూసుకుందామంటే గున్నమ్మకు ఆ వాసన పడదు. ఒకటే తుమ్ములు.

ఈ గోల బొప్పన చెవిన పడింది. బొప్పన కొలువులో చమత్కారాలు చెప్పే కుర్రవాడు. రాజుగారి దగ్గర చనువు ఎక్కువ. జుట్టులో ఎప్పుడూ ఒకటో రెండో గడ్డిపోచలు ఉండేవి గానీ, ఎందుకని ఎవరూ అడగలేదు. అతను ఏనుగుసాలలో అడుగుపెట్టగానే గున్నమ్మ గట్టిగా తుమ్మింది.

"నా కొలువు పోతే పోయింది బాబూ," అన్నాడు ఓబులేసు దాని తొండం నిమురుతూ. "ఇది వేరేవాళ్ళ చేతి ముద్ద తినదు. మొన్న నాకు జ్వరమొస్తే పస్తు పడుకుంది."

"ఉగాది దాకా ఓపిక పట్టు మామా," అన్నాడు బొప్పన. "ముందు ఈ సంగతి చెప్పు. దీని ఎరువు రోజుకెంత వస్తుంది?"

ఓబులేసు అతన్ని ఎగాదిగా చూశాడు. "మీకు సరిపోయేంత వస్తుంది."

బొప్పన ముందు మంచిగానే వెళ్ళి రాజుగారికి విన్నవించుకున్నాడు. ఆయన నిండుకొలువులో మీసం దువ్వి, నియమం నియమమేననీ, రేపు తనకెవరైనా బహుమతిస్తే తానూ పదోవంతు నాణేల్లో కడతాననీ సెలవిచ్చారు. మంచిమాట అన్నాననుకుని సభనంతా ఒకసారి కలియజూశారు కూడా.

ఉగాది వచ్చింది. ఆ రోజు ప్రజలిచ్చిన కానుక ఏదైనా రాజు స్వీకరించాల్సిందే, తిప్పి పంపకూడదు. అది తాతల నాటి ఆచారం. బొప్పన పళ్ళెంలో ఒక లక్కబిళ్ల పెట్టుకుని వచ్చాడు. దాని మీద లక్ష వరహాలని రాసి ఉంది.

"ఏడాది పొడుగునా మమ్మల్ని పాలించే సేవ చేశారు ప్రభూ. సేవ బాగుంటే బహుమతి ఇవ్వాలని తమరే నేర్పారు," అన్నాడు వినయంగా.

రాజుగారు పొంగిపోయి రెండు చేతులా అందుకున్నారు. "ఏ అంగట్లో చెల్లుతుందయ్యా ఇది?"

"గున్నమ్మ సాలలో ప్రభూ. ఎరువిస్తారు. మొక్కలకు మహా మంచిది."

సభలో సగంమంది ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"లక్ష వరహాల ఎరువా?"

"బిళ్ల మీద రాసిందే వెల అని కోశాధికారివారి నియమం కదా. తమరి పన్ను పదివేలు. నాణేల్లో."

ఇది బహుమతి కాదు, ఉత్త కానుక అనబోయాడు సూరపరాజు. అలాగైతే ఓబులేసుదీ కానుకే అన్నాడు బొప్పన.

"నేను ఎరువు అడగలేదే," అన్నారు రాజుగారు.

"ఓబులేసు అత్తరు అడగలేదు ప్రభూ."

మహారాజు బిళ్లను చూశారు, వాకిట్లో చేతులు కట్టుకు నిలబడ్డ ఓబులేసును చూశారు. కాసేపటికి మీసాల కింద నవ్వు కదిలింది. ఇకమీదట ఇచ్చినవాడే పన్నూ కట్టాలన్నారు. ఓబులేసు పన్ను తన సొంత పెట్టెలోంచి తీసుకోమన్నారు. బిళ్ల ఏ అంగట్లోనైనా చెల్లాలి, బియ్యం అంగట్లో కూడా. ఓబులేసు అక్కడే దణ్ణం పెట్టి, గున్నమ్మ మేతవేళైందని పరుగున వెళ్ళిపోయాడు.

అప్పుడు సూరపరాజు ముఖం వెలిగింది. "ఆ లెక్కన ప్రభువుల బిళ్లకు పన్ను కట్టాల్సింది బొప్పనే. పదివేలు."

బొప్పన నవ్వు పెదవుల మీదే ఆగిపోయింది.

"కట్టకపోతే ఇతని మనుషులు నీ ఇంటికొస్తారయ్యా," అన్నారు రాజుగారు సరదాపడుతూ.

"నేను ఇంటి దగ్గర దొరకను ప్రభూ," అనేసి నాలుక్కరుచుకున్నాడు బొప్పన.

మరెక్కడుంటావని అడిగితే చెప్పక తప్పలేదు. నిరుడు అతనికీ ఒక బిళ్ల దక్కింది. అత్తరు తెచ్చుకుని సోకుగా పూసుకున్నాడు, పన్ను మాత్రం ఎగ్గొట్టాడు. రాజుగారికి చనువైనవాణ్ణి కొలువులోంచి తీయలేక, సూరపరాజు వసూలుకి ఇంటికే మనుషుల్ని పంపేవాడు. సూరపరాజు మనుషులు వీధి మలుపు తిరిగినప్పుడల్లా ఏనుగుసాలలో గడ్డివామిలో దూరేవాడు. ఓబులేసు చూసీ చూడనట్టుండేవాడు.

రాజుగారు కిరీటం ఒరిగేలా నవ్వారు. ఆ పదివేలూ, నిరుటి బకాయీ మాఫీ చేసి, బొప్పన చేతిలో వరహాల సంచీ పెట్టారు. దాని పన్ను కూడా తనదేనన్నారు.

"మావాళ్ళు ఆ సాల అంతా వెదికారే," అన్నాడు సూరపరాజు, ఇంకా మింగుడుపడక.

"నా అత్తరు వాసనకు గున్నమ్మ తుమ్ముతూనే ఉంది, దొరికిపోయేవాణ్ణే. మీవాళ్ళు ఏనుగుకు జలుబు చేసిందనుకుని వైద్యుణ్ణి పంపేవాళ్ళు." బొప్పన తల గోక్కున్నాడు. ఒక గడ్డిపోచ రాలిపడింది. "ఆయన బిందెడు మిరియాల కషాయం కాచిపెట్టి, అయిపోయేదాకా కదిలేవాడు కాదు. గున్నమ్మ ముట్టేది కాదు. మామ అటు తిరిగి చెంబులతో గడ్డిలోకి అందించేవాడు. నేనే తాగేవాణ్ణి ప్రభూ."