ఉలవచారు వేడిని దొంగిలించిందెవరు?

గుమ్మడిదుర్గం అని ఒక రాజ్యం ఉండేది లెండి. దాన్ని ప్రచండభూపతి అనే రాజుగారు ఏలేవారు. ఆయన మీసాలు పెద్దవి, కోపం ఇంకా పెద్దది, వాటన్నిటికన్నా పెద్దది ఆయన బిరుదుల చిట్టా. పొరుగూరి గొర్రెల్ని తోలుకొచ్చిన రోజున ‘మేషసేనామర్దన’ అయ్యారు. చెరువులో జారిపడి బతికి బయటపడ్డ రోజున ‘మకరభీకర’ అయ్యారు. కందిరీగ కుట్టినా ఏడవనందుకు కూడా ఒకటి ఉంది. ఇవన్నీ ఇచ్చిందెవరని అడక్కండి. ఇచ్చేదీ ఆయనే, పుచ్చుకునేదీ ఆయనే.

ఆ కోటలో ఒక ఆచారం ఉండేది. రాజుగారు భోజనానికి కూర్చున్నాక భట్రాజు బిరుదులన్నీ గొంతెత్తి చదవాలి. చదవడం పూర్తయ్యేదాకా రాజుగారు ముద్ద ముట్టకూడదు. ఈలోగా ఈగలు వాలకుండా ఇద్దరు నిలబడి వింజామరలు విసురుతూ ఉండాలి.

ఒక చలికాలం మధ్యాహ్నం రాజుగారు ఉలవచారు నోట్లో పోసుకుని, వెంటనే మొహం చిట్లించారు.

“ఛీ! ఇది చారా, చెరువు నీళ్లా? పైన నెయ్యి పేరుకుపోయి మైనంలా ఉంది! ఇందాక వంటశాలలో ఇదే చారు కుతకుతా ఉడకడం మేం కళ్లారా చూశాం. ఆ వేడి ఏమైనట్టు?”

మహామంత్రి దుందుభయ్యగారు గొంతు సవరించుకున్నారు. ఆయనకి తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. కనీసం ఆయన అలాగే అనుకునేవారు.

“ప్రభూ, ఉన్న వస్తువు లేకుండా పోయిందంటే దొంగతనమే. దొంగ కూడా దొరికింది. వంటలక్క సూరమ్మ! ఆమె ఇంటి పొయ్యి ఎప్పుడు చూసినా వేడిగానే ఉంటుంది. అనుమానం తీరక నేనే చెయ్యి పెట్టి చూశాను. ఇదుగోండి, బొబ్బ!”

“హమ్మా!” అన్నారు రాజుగారు. “మా వేడిని మూటగట్టి ఇంటికి తీసుకుపోతోందన్నమాట! గుండు గీయించి, గాడిదెక్కించి, పొలిమేర దాటించండి!”

ఆ మాటకి సభలో మూలన కూర్చున్న కొండుభట్టు ఉలిక్కిపడ్డాడు. కొండుభట్టు ఆ కొలువులో నవ్వించే ఉద్యోగం చేసేవాడు. సూరమ్మ అతనికి తోడబుట్టిన అక్క. తల్లి పోయాక తన ముద్ద తగ్గించుకుని అతన్ని పెంచింది ఆవిడే. ఆ అక్కకి గుండా? గాడిదా? అతనికి ఒళ్లు మండిపోయింది. కానీ రాజుగారి దగ్గర ఒళ్లు మండితే మనమే మాడిపోతాం కదా, అందుకని చేతులు కట్టుకుని లేచాడు.

“ప్రభూ, రేపటి భోజనం దాకా ఆగండి. దొంగని సొత్తుతో సహా పట్టిస్తాను. పట్టించలేకపోతే అక్కతోపాటు నాకూ గుండు గీయించండి.”

“సరే!”

“మరి దొంగ తమకి బాగా కావలసినవాళ్లయితే?”

“మాకెంత కావలసినవాళ్లయినా గుండే, గాడిదే!” అని రాజుగారు మీసం దువ్వారు.

కొండుభట్టు పరుగున వంటశాలకి వెళ్లాడు. సూరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

“వేడిని మూటగట్టుకుపోవడానికి అదేమైనా వడ్లట్రా తమ్ముడూ? మూటగడితే మాత్రం ఆగుతుందా?”

ఆ మాట వినగానే కొండుభట్టు ఠక్కున చిటికె వేశాడు.

“ఆగుతుందే అక్కా! ఇంట్లో గొర్రెల కంబళ్లు ఉన్నాయా? రెండు కావాలి!”

మర్నాడు రాజుగారు భోజనానికి కూర్చున్నారు. నల్లరాతి పీట మీద వెండిగిన్నె, అందులో పొగలు కక్కుతున్న ఉలవచారు. కొండుభట్టు అదే కుండలోది ఇంకాస్త చారు మట్టిచట్టిలో పోయించి, మూతపెట్టి, కంబళి చుట్టి పక్కన పెట్టాడు. పొద్దుటే రెండో కంబళిలో చుట్టి ఉంచిన ఇంకో చట్టిని తెచ్చి దాని పక్కన పెట్టాడు.

భట్రాజు మొదలుపెట్టాడు. “మేషసేనామర్దనా! మకరభీకరా!” వింజామరలు ఊగాయి.

బిరుదులు ఇంకా సగానికి రాకముందే కొండుభట్టు “ఆపండి! దొంగలు దొరికారు!” అని కేకేశాడు. భటులు కత్తులు దూశారు. దుందుభయ్యగారు స్తంభం వెనక దాక్కున్నారు.

“ప్రభూ, గిన్నె అంచు పట్టుకోండి.”

“అబ్బా! కాలుతోందిరా!”

“ఇందాక ఖాళీగా ఉన్నప్పుడు చల్లగానే ఉంది కదా? ఆ వేడి మీ చారుదే. ఇప్పుడు గిన్నెని పక్కకి జరిపి రాయిని ముట్టుకోండి.”

రాజుగారు ముట్టుకుని కళ్లు పెద్దవి చేశారు. “ఇదీ వెచ్చగా ఉందే!”

“గిన్నె దొంగిలించి రాతికి అందించింది. మిగతాది వింజామరలు గాలికి ఎగరగొడుతున్నాయి. మంత్రిగారూ, ఆ గాలి పోయేవైపు నిలబడండి. ఎలా ఉంది?”

“వెచ్చగా... ఉలవచారు వాసనతో ఉంది,” అన్నారు దుందుభయ్యగారు ముక్కు ఎగబీలుస్తూ.

“వేడి మాయమైపోదు ప్రభూ. ఒకచోట తగ్గిందంటే ఇంకోచోటికి చేరిందనే అర్థం. అయితే వీళ్లంతా చిల్లర దొంగలు. వీళ్లకి తీరిగ్గా దోచుకునే వ్యవధి ఇచ్చిన ముఠానాయకుడు వేరే ఉన్నాడు. చదవండి భట్రాజుగారూ, పూర్తిగా చదవండి!”

భట్రాజు చదివాడు, చదివాడు, మధ్యలో రెండుసార్లు మంచినీళ్లు తాగి మళ్లీ చదివాడు. చివరికి రాజుగారు చారు నోట్లో పోసుకుంటే యథాప్రకారం నెయ్యి పేరుకుని ఉంది. కొండుభట్టు కంబళి విప్పి చట్టి మూత తీశాడు. గుప్పున ఆవిరి లేచింది.

“మోసం!” అని మంత్రిగారు గంతేశారు. “కంబళి కప్పుకుంటే నాకు చెమట పడుతుంది. కంబళే వేడి పుట్టించింది!”

“అలాగా? అయితే ఆ రెండో కంబళిలోది తమరు తాగండి. పొద్దుటి నుంచీ చుట్టే ఉంది, జాగ్రత్త, కాలుతుందేమో.”

మంత్రిగారు భయపడుతూ ఊదుకుని ఊదుకుని తాగారు. రాత్రంతా మంచులో పెట్టిన మజ్జిగ అది. పళ్లు జివ్వుమన్నాయి.

“కంబళికి వేడి పుట్టించడం రాదండీ. లోపలిది బయటికి, బయటిది లోపలికి అంత తొందరగా పోనివ్వదు, అంతే,” అన్నాడు కొండుభట్టు. “తమరి ఒంటి వేడే తమరికి చెమట పట్టిస్తుంది.”

రాజుగారు అసహనంగా కదిలారు. “సరేనోయ్, ఇంతకీ ఆ ముఠానాయకుడెవడు?”

“వ్యవధి ఇచ్చింది తమ బిరుదులే ప్రభూ.”

రాజుగారి మీసాలు వణికాయి. “అంటే... గుండు మాకా?”

“రామ రామ! శిక్ష దొంగకి కదా ప్రభూ. ఆ బిరుదుల చిట్టాకే గుండు గీయిద్దాం. జుట్టంతా తీసేసి, పిలకలా ఒక్కటుంచుదాం. తీసేసినవన్నీ మూటగట్టి, గాడిదెక్కించి, ఊరేగిద్దాం. మేషసేనామర్దన గాడిద మీద వస్తుంటే ఊరంతా చూడ్డానికొస్తుంది!”

రాజుగారు ఆ గాడిదని మనసులో ఊహించుకున్నారో ఏమో, ముందు మీసాల్లో నవ్వి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. కంబళిలోని చారు లాక్కుని గబగబా తాగారు. ఇన్నేళ్లలో మొదటిసారి నాలుక కాలింది. “అబ్బ! అబ్బబ్బ! ఎంత బావుందోయ్!” అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అప్పటికప్పుడు సూరమ్మని పిలిపించి, తన మెడలోని హారం తీసి ఇచ్చి, “తప్పయిపోయిందమ్మా” అన్నారు. సూరమ్మ తమ్ముణ్ణి చూసి, నవ్వూ ఏడుపూ కలిపి ముక్కు చీదుకుంది.

“ఇక నీకేమివ్వాలోయ్ కొండుభట్టూ? ఆఁ! నీకో బిరుదు ఇస్తాం! ఉష్ణచోరగండభేరుండ...”

కొండుభట్టు అప్పుడే అక్క పోసిచ్చిన చారు గిన్నెని రెండు చేతులతో కప్పుకున్నాడు.

“వద్దు ప్రభూ, చల్లారిపోతుంది!”