ఖాళీ గీత

తీఖన్ దగ్గరున్న నాలుగు వందల చీటీల్లో ఒక్కటి మాత్రం ఎంతకీ పూర్తి కాలేదు. అదే అతని బాధ.

ఉత్తర రష్యాలో ఒక సరస్సు, దాని మధ్య దీవి మీద ఒక మఠం. అక్కడ తీఖన్ సన్యాసి. అతని గురువు సవ్వా సన్యాసం పుచ్చుకోకముందు పట్నంలో ఇంగ్లీషు పంతులుగా పనిచేశాడు. మఠానికి వచ్చే విదేశీయులతో మాట్లాడ్డానికి పనికొస్తాడని తీఖన్‌కి ఇంగ్లీషు నేర్పుతున్నాడు. ఒక్కో మాటకి ఒక్కో చీటీ. పైన ఇంగ్లీషు మాట, కింద రష్యన్‌లో అర్థం, ఆ కింద ఖాళీగా ఒక గీత. ఆ మాట ఎవరితోనైనా నిజంగా అవసరపడి వాడిన రోజునే, ఎవరితో ఏమన్నాడో రాసి ఆ గీత నింపాలి.

గీతలు నింపడంలో తీఖన్ మహా ఘటికుడు. 'గొడుగు' అనే మాట నేర్చుకున్న వారం, మండుటెండలో నిలబడ్డ యాత్రికుడెవరినో ఆపి గొడుగు కావాలా అని అడిగాడు. మఠం మొత్తం వెతికినా గొడుగు లేదు. అయినా గీత నిండింది.

మిగిలిపోయిన చీటీ మీద 'సోలెస్' అని ఉంది. దుఃఖంలో ఉన్న మనిషికి దొరికే ఊరట. అంత మంచి మాట వాడే సందర్భం ఏడాదిగా రాలేదు.

ఆ ఏడు సరస్సు గడ్డకట్టే ముందు వచ్చిన ఆఖరి పడవలో ఐలీన్ అనే ఆవిడ దిగింది. స్కాట్లాండ్ మనిషి. ఆవిడ కొడుకు కాలిన్ చర్చి పైకప్పుకి చెక్కపలకలు కొట్టే పని నేర్చుకోవడానికి వచ్చి, కిందటి ఏప్రిల్‌లో జ్వరమొచ్చి ఇక్కడే పోయాడు. అప్పుడు సరస్సు మీద మంచు పగులుతున్న రోజులు. పడవ నడవదు, బండి నడవదు. డాక్టరు అవతలి ఒడ్డునే ఉండిపోయాడు.

తీఖన్ ఆవిణ్ణి సమాధి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ శిలువ మీది మంచు చేత్తో తుడిచి అడిగింది.

"చివర్లో చలి వేసిందా వాడికి?"

తీఖన్ గుండెలో చీటీ మెదిలింది. చెప్పుకోడానికి సిగ్గు గానీ, ఆ క్షణాన అతనికి సంతోషమే కలిగింది. గొంతు సవరించుకుని, "ఈ పవిత్ర స్థలంలో మీకు సోలెస్ లభించాలని ప్రార్థిస్తున్నాం" అన్నాడు. ఉచ్చారణలో ఒక్క తప్పు లేదు.

"థాంక్యూ" అని ఆవిడ చేతులు కోటు జేబుల్లో పెట్టేసుకుంది. మళ్లీ ఏమీ అడగలేదు.

తీఖన్ గీత నింపి చీటీ గురువుకి చూపించాడు. గురువు చదివి, "ఆవిడ ఏమడిగింది?" అన్నాడు.

తీఖన్ చెప్పాడు.

"నీకు తెలియదా జవాబు?"

తెలుసు. కాలిన్ పోయిన రోజు పొద్దున్నించీ పొయ్యిలో కట్టెలు వేసింది తీఖనే. గురువు రబ్బరు తీసుకుని గీత మీది రాత చెరిపేశాడు.

మర్నాడు పడవ బయల్దేరే ముందు, ఆ దేశపు ఆచారం ప్రకారం, ప్రయాణమయ్యే మనిషితో పాటు అందరూ కాసేపు మాటల్లేకుండా కూర్చున్నారు. ఐలీన్ తన పెట్టె మీద కూర్చుంది. అప్పుడు గురువు లోపలికెళ్లి తన పాత గొర్రెతోలు కోటు తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు. ఇంగ్లీషు తీఖన్ కంటే తనకే బాగా వచ్చినా, రష్యన్‌లో చెప్పి తీఖన్ వైపు చూశాడు.

"చలి వేసింది, అమ్మా. చాలా వేసింది. ఇది కప్పాను. మధ్యాహ్నానికి తగ్గింది. కాళ్లు వెచ్చబడ్డాయన్నాడు."

తీఖన్ ఒక్కో మాటా ఇంగ్లీషులోకి తెచ్చాడు. చలి, కోటు, కాళ్లు, వెచ్చన. అన్నీ మొదటి వారం చీటీల్లోని మాటలే. గురువు చెప్పనిది తనే కలిపాడు: "కట్టెలు నేను వేశాను. పొయ్యి ఆరనివ్వలేదు."

ఐలీన్ కోటులో ముఖం దాచుకుని ఏడ్చింది. పడవ కూత రెండుసార్లు వినిపించింది. ఎవరూ లేవలేదు. పిలవడానికొచ్చిన పడవ మనిషి కూడా టోపీ తీసి గడపలో కూర్చుండిపోయాడు.

వెళ్లేటప్పుడు ఆవిడ తీఖన్ రెండు చేతులూ పట్టుకుంది. కట్టెలు మోసిన ఆ చేతుల్ని కాసేపు చూసి వదిలింది. కోటు తనతో తీసుకెళ్లింది.

పడవ కనుమరుగయ్యాక గురువు జేబులోంచి చీటీ తీసి, పెన్సిలుతో పాటు తీఖన్ చేతిలో పెట్టాడు.

"కానీ తండ్రీ," అన్నాడు తీఖన్, "ఇవాళ ఆ మాట నేను ఒక్కసారి కూడా అనలేదు."

"అనలేదు," అన్నాడు గురువు. "ఇప్పుడు రాయి."