ముగ్గు మధ్యన పాత బండి

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనమామ బొడ్డు అప్పలస్వామి. పక్కింటి సూర్రాజు తన తాత చెప్పాడంటాడు. వట్టి మాట. వాళ్ళ తాత నోరు తెరిస్తే ఆవలింతే గాని కథ వచ్చేది కాదు.

కొండమూరు రాజావారికి ఒక వేసవిలో ఉన్నట్టుండి బుద్ధి పుట్టింది.

"మా అమ్మ కొండ మీది నరసింహస్వామిని చూడాలంటోంది. పల్లకీలో ఆవిడకి తల తిరుగుతుంది. గుర్రబ్బండి కావాలి. కొత్తది చేయించే వ్యవధి లేదు, పాతదైనా సరే తెండి!"

మంత్రిగారి బావమరిది జోగిరాజు మర్నాడే తన బండి తోలుకొచ్చాడు. మీసానికి ఆముదం రాయనిదే గుమ్మం దాటని మనిషి. బండి కూడా ఆ మీసంలాగే నిగనిగలాడుతోంది.

"మా అత్తగారు శుక్రవారం శుక్రవారం గుడికెళ్ళడానికి తప్ప వాడింది లేదు ప్రభూ!"

రాజుగారికి తమలపాకులు చుట్టే చిట్టెన్న బండి చుట్టూ ఓ తిరుగు తిరిగాడు. చక్రం ఆకుల, అదే లోపలి అడ్డకర్రల, సందులో పచ్చగా నాచు!

సంగతి తెలిసిపోయింది. కర్ర ఎండిపోయి చక్రం వదులైతే చెరువులో నానేస్తారు. ఉబ్బి బిగుస్తుంది. ఆరిందంటే మళ్ళీ మొదటికే. ఆ చక్రాల మీద, కొండ దారిలో, ముసలమ్మ! పోనీ పైకి అందామా అంటే, మంత్రి బావమరిదిని దొంగన్నందుకు ముందు తన వీపు చిట్లుతుంది.

"బండికేం, పెళ్ళికూతురిలా ఉంది. అమ్మగారి ప్రయాణం గురువారం కదా. అందాకా కోట ముంగిట్లో ఉండనిద్దాం" అన్నాడు.

జోగిరాజు ఉలిక్కిపడ్డాడు. "అన్నాళ్ళా? పొరుగు జమీందారు మనుషులు డబ్బు మూటతో మా అరుగు మీదే కూచున్నారు. ఇప్పుడే తేల్చండి!"

"అయ్యో పాపం, ఇంత ఎండలోనా? ఉండండి, మజ్జిగ పంపిస్తాను."

మజ్జిగ కుండ వెళ్ళినట్టే తిరిగొచ్చింది. అరుగు మీద పిల్లి తప్ప ఎవరూ లేరట.

"ఇప్పుడే లేచి వెళ్ళుంటారు" అన్నాడు జోగిరాజు. రాజుగారు కనుబొమ్మ ఎత్తి, బండిని ముంగిట్లోనే ఉంచమన్నారు.

చిట్టెన్న దాసీలని పిలిచి బండి చుట్టూ పెద్ద ముగ్గు పెట్టించాడు. పైన రోహిణి కార్తె ఎండ. మర్నాడు జోగిరాజు కావిళ్ళతో నీళ్ళు పట్టించుకొచ్చాడు.

"బండికి దుమ్ము పట్టింది. కడిగిస్తా."

"బాబుగారూ, అమ్మగారి పేర పెట్టిన ముగ్గిది. చెరిగితే అపశకునం. తమరు తొక్కుతారా?"

మేడ మీంచి రాజమాత చూస్తోంది. జోగిరాజు ఎత్తిన కాలు వెనక్కి పెట్టుకున్నాడు. నీళ్ళు తులసికోటకి పోయించి వెళ్ళాడు.

గురువారం వచ్చింది. గుర్రాన్ని కట్టారు, గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు.

"ప్రభూ," అన్నాడు చిట్టెన్న, "ఇంత మంచి బండి ఇచ్చినవారిని ఉత్తచేతులతో పంపుతామా? తలపాగా చుట్టి, ముందు వారినే ఎక్కించి, మేళతాళాలతో కొండ దాకా తిప్పుదాం. ఆ తరవాతే అమ్మగారు."

తలపాగా అనగానే జోగిరాజు ఛాతీ పొంగింది. కొండ అనగానే మీసం వాలింది.

"నాకు... నాకు నడుం నొప్పి. నేను వెనకాల నడిచొస్తా."

చిట్టెన్న చేతులు కట్టుకున్నాడు.

"తమరి నడుం మొయ్యలేని బండి మా అమ్మగారి ప్రాణం మోస్తుందా బాబూ?"

"ఎక్కు!" అన్నారు రాజుగారు.

ఎక్కాడు. కొరడా ఝళిపించారు. నిమ్మకాయ చితికింది, దాంతోపాటే చక్రం కిర్రుమంది. చక్రం చుట్టూ బిగించిన ఇనప పట్టా ఊడి, ముగ్గంతా తొక్కుకుంటూ దొర్లుకొచ్చి రాజుగారి కాళ్ళ దగ్గర పడుకుంది. బండి ఒరిగింది. జోగిరాజు కొత్త తలపాగాతో సహా గుమ్మడికాయ ముక్కల్లో కూలబడ్డాడు.

ముందు రాజమాతే పకపకా నవ్వింది.

"ఒరే జోగీ, మీ అత్తగారు ఇంకా బతికే ఉందట్రా?"

ఇక కోటంతా నవ్వే. రాజుగారు వేలి ఉంగరం తీసి చిట్టెన్నకి తొడిగారు. "ఇంకేం కావాలో అడుగు!"

"ఆ పట్టా ఇప్పించండి. కోట గుమ్మానికి వేలాడదీస్తాను. ఏదైనా అమ్మడానికొచ్చినవాడు దాన్ని ఓసారి వాయించి నోరు విప్పాలి."

జరిగింది ఇదీ. ఆ సూర్రాజు ఏటా తీర్థంలో బుర్రకథ చెబుతూ ముగ్గు ఉపాయం కోట జోస్యుడిదంటాడు. జోస్యుడు ఆ రోజు ఊళ్ళోనే లేడు! నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే గాని గట్టిగా రాదు. చదువుకున్నవాళ్ళెవరైనా వెళ్ళి వాడి బుర్రకథ పుస్తకంలో జోస్యుడన్న మాట కొట్టేయించి చిట్టెన్న అని పెట్టించండి. నేను వెళ్ళను. వాడి గుమ్మం నేను తొక్కను.