మాస్టారి గిటారు పాఠం

కృపానందానికి తన ఫిడేలు తనకే వినబుద్ధి అయ్యేది కాదు.

అదే అతని కష్టం. విజయనగరం కంటోన్మెంటులో పుట్టి, చర్చి పాటల మధ్య పెరిగి, పాతికేళ్ళు నిండకముందే ఊళ్ళో ఆర్కెస్ట్రాకి ప్రాణమైనవాడు అతను. పెళ్ళి పందిట్లో గిటారు భుజాన తగిలించుకుని నిలబడితే వంటలవాళ్ళు కూడా గరిటెలు వదిలేసి బయటికొచ్చేవారు. గిటారు కృపానందం అంటే శ్రీకాకుళం దాకా తెలుసు. అలాంటివాడు ముప్పయి దాటాక ఫిడేలు పట్టి, తీగ మీద కమాను ఆనిస్తే, నూనె లేని గిలకలా కీచుమనేది.

హాయిగా ఉన్నవాడికి ఫిడేలెందుకు అంటే, వాళ్ళమ్మ కోసం.

దీనమ్మ చర్చిలో పాడేది. ఎవరి దగ్గరా నేర్చుకున్న పాట కాదు. ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి, కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని చెరువులోకి దిగినట్టు, మెల్లగా జారేది ఆవిడ గొంతు. ఆవిడ చనిపోయిన ఏడాది, ఒక ఆదివారం మధ్యాహ్నం కృపానందం ఆ పాటల్ని గిటారు మీద పలికించబోయాడు. స్వరాలన్నీ వచ్చాయి. అమ్మ రాలేదు.

గిటారు మెడ మీద వరసగా మెట్లుంటాయి. ఈ మెట్టు పలుకుతుంది, లేదా ఆ మెట్టు పలుకుతుంది. తీగను పక్కకి లాగి కూడా చూశాడు. ఏదో జీర వచ్చింది గానీ అది ఆవిడది కాదు. ఆవిడ గొంతు మెట్టుకీ మెట్టుకీ మధ్యలో ఎక్కడో ఉండిపోయింది.

అప్పుడు వెళ్ళాడు అప్పల నరసింహం మాస్టారి దగ్గరికి.

ఆ రోజుల్లో ఆ ఊళ్ళో ఫిడేలంటే మాస్టారే. పెంకుటిల్లు, వీధి వైపు వెడల్పాటి అరుగు. పొద్దున్నే ఆ అరుగు మీద చాపలు పరిచి పిల్లలకి పాఠం చెప్పేవారు. పాలవాళ్ళు, స్కూలుకెళ్ళేవాళ్ళు, బజారుకెళ్ళేవాళ్ళు అందరూ ఆ స్వరాల మధ్య నుంచే నడిచి వెళ్ళేవారు.

"ఇప్పటిదాకా ఏం వాయించావు నాయనా?" అని అడిగారు మాస్టారు.

"గిటారండీ."

"మంచిదే. తీగలంటే భయం ఉండదు. కూచో."

కూచున్నాడు. చుట్టూ పదేళ్ళ లోపు పిల్లలు. మధ్యలో మీసాల కృపానందం. నిలబడి వాయించడం అలవాటైనవాడికి బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తలని కుడి పాదం మీద ఆనించుకునేసరికి కాళ్ళు తిమ్మిరెక్కాయి. కళ్ళు మెట్ల కోసం వెతుక్కున్నాయి. అక్కడ నున్నటి నల్ల చెక్క తప్ప ఏమీ లేదు. వేలు ఎక్కడ పెట్టాలో చెక్క చెప్పదు. పెట్టాక చెవి చెబుతుంది, తప్పు పెట్టావని.

మొదట్లో ఒకటి రెండుసార్లు తన పాత విద్యతో గట్టెక్కాలని చూశాడు. కమాను పక్కన పెట్టి, ఫిడేలుని ఒళ్ళో గిటారులా అడ్డంగా పెట్టుకుని, గోళ్ళతో చకచకా మీటి ఒక హుషారైన పాట వాయించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మాస్టారు కూడా తల ఊపుతూ చివరిదాకా విన్నారు.

"బాగుంది నాయనా," అన్నారు. "ఇప్పుడు కమాను తీసుకో."

తీసుకున్నాడు. మళ్ళీ గిలక.

ఓ సాయంత్రం ఆర్కెస్ట్రా రిహార్సల్లో డ్రమ్ములు వాయించే సత్తిబాబు అందరి ముందూ అడిగాడు. "ఏట్రా కృపా, మాస్టారింట్లో పిల్లి గానీ ఈనిందేటి? పొద్దున్న అటేపు ఎల్తుంటే ఒకటే అరుపులు."

అందరూ నవ్వారు. కృపానందం కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక ఆ నవ్వు గొంతులో ముల్లులా ఉండిపోయింది.

మర్నాటి నుంచి అరుగు చివరికి, గోడవారకి జరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. కమాను తీగకి తగిలీ తగలనట్టు లాగేవాడు. వీధిలో ఎవరైనా తెలిసిన మొహం కనిపిస్తే చెయ్యి ఆపేసి, తీగలు బిగిస్తున్నట్టు నటించేవాడు. కొన్నాళ్ళకి అతని ఫిడేలు పక్కన కూర్చున్న పిల్లలకి కూడా వినబడకుండా పోయింది. గిలక చప్పుడు పోయింది, నిజమే. దాంతోపాటు అన్నీ పోయాయి.

మాస్టారు ఏమీ అనలేదు. అలా ఏమీ అనకపోవడమే కృపానందానికి బరువైపోయింది. ఒకరోజు పిల్లలంతా వెళ్ళాక తనే నోరు విప్పాడు.

"మానేద్దామనుకుంటున్నానండీ."

మాస్టారు ఫిడేలుని గుడ్డతో తుడుస్తున్నారు. తల ఎత్తలేదు. "ఏం?"

"పిల్లలు తప్పు వాయిస్తే ముద్దుగా ఉంటుందండీ. నేను వాయిస్తే నవ్వులాటగా ఉంటుంది. ఊళ్ళో నాకంటూ ఒక పేరుంది కదండీ. ఈ వయసులో అదంతా వదులుకుని..."

మాస్టారు ఫిడేలుని పెట్టెలో పడుకోబెట్టి మూత వేశారు.

"సరే. మానేద్దువు గాని. రేపు వచ్చేటప్పుడు నీ గిటారు తీసుకురా."

వెళ్ళేముందు ఒకసారి తన అసలు విద్య వినాలనుకుంటున్నారు కాబోలు అనుకున్నాడు కృపానందం. ఆ రాత్రి గిటారుకి కొత్త తీగలు వేసి, చెక్క మెరిసేలా తుడిచాడు. పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. మాస్టారి ముందు చాప మీద కూర్చుని, ఏం వాయించమంటారన్నట్టు చూశాడు.

మాస్టారు కండువా నడుముకి చుట్టుకుని అతనికి ఎదురుగా కూర్చున్నారు. గిటారుని కళ్ళకద్దుకుని తన ఒళ్ళోకి తీసుకున్నారు.

"నాకు నేర్పండి," అన్నారు.

కృపానందానికి అర్థం కాలేదు. అర్థమయ్యాక చెమట పట్టింది. "మీకు నేను నేర్పడమేమిటండీ? అందులోనూ నన్ను అండీ అని..."

"నేర్పేవాళ్ళని నువ్వనడం నాకు అలవాటు లేదు. ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టమంటారు?"

ఆ చేతిని పట్టుకుని చూపించక తప్పలేదు. యాభై ఏళ్ళు ఫిడేలు మెడ మీద తిరిగిన చెయ్యి అది. గిటారు మెడ వెడల్పు దానికి కొత్త. మూడు వేళ్ళు మూడు తీగల మీద ఒకేసారి నొక్కమంటే మూడోది జారిపోయింది. కుడిచేత్తో మీటారు. బర్రుమంది.

పిల్లలు కిసుక్కున నవ్వారు. మాస్టారు వాళ్ళకంటే ఎక్కువ నవ్వారు.

"తేలుకుట్టిన దున్నపోతులా ఉంది. మళ్ళీ చెప్పండి మాస్టారూ."

అలా మొదలైంది. రోజూ పిల్లల పాఠం అయ్యాక మాస్టారి పాఠం. ఫిడేలు ఊసు ఆయన ఎత్తలేదు. కృపానందమూ ఎత్తలేదు. అతని ఫిడేలు ఆ ఇంట్లోనే ఒక మూల ఉండిపోయింది.

మాస్టారు సాధన మాత్రం లోపలెక్కడో చేసేవారు కాదు. అరుగు మధ్యలో, వీధికెదురుగా కూర్చునేవారు. తప్పు పలికితే ఆగి, అదే తప్పుని ఇంకాస్త గట్టిగా వాయించి చూసుకునేవారు. ఆయన ఫిడేలు విందామని నడక తగ్గించే పెద్దమనుషులు ఆ బర్రుబర్రు విని తెల్లబోయి చూసేవారు. ఒకళ్ళిద్దరు ఆగి, ఒంట్లో బాగానే ఉందా మాస్టారూ అని అడిగారు.

"నిక్షేపంగా ఉంది. గిటారు నేర్చుకుంటున్నాను. అదిగో, మా మాస్టారు," అనేవారు కృపానందాన్ని చూపిస్తూ.

కృపానందం తల వంచుకునేవాడు.

మాస్టారి భార్య మాణిక్యాంబ గారు కాఫీ గ్లాసులు తెచ్చి పెడుతూ ఒకరోజు అన్నారు. "ఏవండీ, పొద్దున్నే ఇంట్లో ఏమిటా చప్పుడని పక్కింటావిడ అడుగుతోంది. ఏం చెప్పమంటారు?"

"గిటారని చెప్పు."

"నమ్మడం లేదండీ."

మాస్టారికి ఆ మాట ఎంత నచ్చిందంటే ఆ రోజంతా పొలమారేలా నవ్వుతూనే ఉన్నారు.

ఆదివారం బడిలో చిన్నపిల్లలకి నేర్పే పాట ఒకటి నేర్పాడు కృపానందం. వేళ్ళన్నీ ఒకేసారి నొక్కే పట్లు మూడే మూడు, ఒక చిన్న వరస. ఎనిమిదేళ్ళ పిల్లలు వారంలో పట్టేస్తారు. మాస్టారికి రెండు నెలలైనా మూడో పట్టు దగ్గర వేళ్ళు ముడిపడిపోయేవి. వేళ్ళ చివర్లు కాయలు కాచినవే గానీ మొండి ఎడ్లలా మొరాయించేవి. విసుగు మాత్రం ఒక్కనాడూ ఆయన మొహంలో కనబడలేదు.

ఇప్పుడా ఇల్లు లేదు. అరుగున్న చోట ఏవో షట్టర్లు వచ్చాయి. డెబ్బై దాటిన కృపానందం ఎప్పుడైనా ఆ వీధిలో ఆటో ఎక్కితే, అక్కడికొచ్చేసరికి డ్రైవరుని కాస్త మెల్లగా పొమ్మంటాడు. కాఫీ వాసన, పిల్లల చాపలు, దున్నపోతు అని మాస్టారు తన మీద తనే నవ్వుకున్న ఆ నవ్వు, అన్నీ గుర్తొస్తాయి. అన్నిటికన్నా ఎక్కువగా ఒక సాయంత్రం గుర్తొస్తుంది.

మాస్టారికి తన గురువుగారి తిథి పెద్ద పండగ. ఏటా ఆ సాయంత్రం ఇంట్లోనే కచేరీ. నడవలోనూ పెరట్లోనూ జంపఖానాలు పరిచేవారు. ముందు శిష్యులు వాయించేవారు, చివర్లో మాస్టారు. ఆ చివరి గంట కోసం బొబ్బిలి నుంచి, సాలూరు నుంచి కూడా వచ్చేవారు. తలో రాగం అడుగుదామని మనసులో దాచుకుని వచ్చేవారు.

మాస్టారు గిటారు పట్టిన ఆ ఏడు కృపానందం వెనకాల, చెప్పులు విడిచే చోట, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. పిల్లలు ఒక్కొక్కరే వాయించారు. పెద్ద శిష్యులు వాయించారు. మృదంగం ఆయన చేతులు దులుపుకుని సర్దుకుని కూర్చున్నాడు. మాస్టారు గురువుగారి పటానికి నమస్కారం చేసుకుని చెయ్యి చాచారు.

మాణిక్యాంబ గారు ఆ చేతిలో గిటారు పెట్టారు.

నడవ అంతా ఒక్కసారి కదిలింది. మాస్టారు తీగలు చూసుకుని, ఆదివారం బడి పాట మొదలుపెట్టారు. మొదటి పట్టు పలికింది. రెండోది కాస్త పలికింది. మూడో దగ్గర బర్రుమంది. ఆగారు. మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకున్నారు. మళ్ళీ అక్కడే బర్రుమంది.

ముందు వరసలో ఉన్న రిటైరైన హెడ్మాస్టారు పైన తిరుగుతున్న ఫ్యాన్ని చూడసాగారు. ఎవరో దగ్గారు. మృదంగం ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మాస్టారూ, ఫిడేలు అందుకోండి," అన్నారు సాలూరు నుంచి వచ్చినాయన, బతిమాలుతున్నట్టు.

"ఇది అయ్యాక," అన్నారు మాస్టారు.

మూడోసారి వాయించారు. తప్పుతోనే పాట చివరిదాకా వెళ్ళింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సత్తిబాబు అందరినీ నవ్వించిన రోజున తను మింగిన ముల్లు ఇవాళ మాస్టారు ఇంతమందిలో మింగుతున్నారనిపించింది కృపానందానికి. కానీ ఆయన మొహంలో ముల్లేమీ లేదు. పాఠం మధ్యలో ఉన్న కుర్రాడి మొహంలా ఉంది.

ఆయన తల ఎత్తి, జనం మీదుగా స్తంభం వైపు చూశారు.

"ఎక్కడ తప్పుతున్నాను మాస్టారూ?"

తలలన్నీ వెనక్కి తిరిగాయి. కృపానందం లేచాడు. జనం కాళ్ళు తొక్కకుండా దారి చేసుకుంటూ వెళ్ళి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"బొటనవేలు పైకి వచ్చేస్తోందండీ. అందుకే చివరి వేలు అందట్లేదు." మెడ వెనక ఉన్న ఆ ముసలి బొటనవేలుని రెండు వేళ్ళతో పట్టుకుని కిందికి దింపాడు. "ఇప్పుడు చూడండి."

మాస్టారు మీటారు. మూడో పట్టు గంటలా పలికింది. హెడ్మాస్టారు ఫ్యాను మీంచి చూపు దించారు.

"అదీ," అన్నారు మాస్టారు, పొంగిపోతూ.

కృపానందం లేచి వెనక్కి వెళ్ళాలి. వెళ్ళలేదు. మాణిక్యాంబ గారి వైపు తిరిగాడు.

"అమ్మగారూ, నా ఫిడేలు ఎక్కడుందండీ?"

ఆవిడ లోపలికి వెళ్ళి తెచ్చి ఒళ్ళో పెట్టారు. ఇన్నాళ్ళు మూలన పడి ఉందనుకున్నాడు. మీటి చూస్తే తీగలు శ్రుతిలో ఉన్నాయి. ఎవరో రోజూ బిగిస్తున్నట్టున్నారు.

కాళ్ళు మడిచి, ఫిడేలు తలని పాదం మీద ఆనించుకున్నాడు. మోహన రాగంలో చిన్న గీతం, పిల్లలందరికీ నోటికొచ్చినది, దాన్నే ఎత్తుకున్నాడు. కమానుని ఈసారి దాచుకోలేదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా, బరువంతా వేసి లాగాడు. కీచుమంది. నడవ దాటి, అరుగు దాటి వీధిలోకి వినబడేలా కీచుమంది. ఆపలేదు. రెండో వరసలో వేలు పక్కకి పడింది. స్వరం సరిగ్గా వినబడ్డచోటికి దాన్ని జరిపాడు. జరుగుతూ ఆ వేలు రెండు స్వరాల మధ్య ఎక్కడో, అమ్మ గొంతు ఉండే చోట, క్షణం సేపు నిలిచింది. అది అతని ఒళ్ళంతటికీ తెలిసింది గానీ, పట్టుకుని చూసుకునే తీరిక లేదు. పాట ముందుకి పోతోంది. మృదంగం ఆయన ఎప్పుడు అందుకున్నాడో, మెత్తగా తాళం వేస్తున్నాడు.

గీతం అయిపోయింది. కృపానందం కమాను దించి, పక్కన గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆయన వైపు తిరిగాడు.

"ఎలా ఉందండీ?"

మాస్టారు గిటారు పక్కన పెట్టారు.

"వినబడింది నాయనా," అన్నారు.